హీరో వెనక బీరువా చూసే సారు

ప్రసాదన్నా, నమస్తే. బాగున్నవా? నీ మెయిల్‌కు ఇన్ని దినాలు జవాబియ్యలేదు, తిట్టుకుంటున్నవ్ కావచ్చు. తిట్టుకో, ఏమనుకోను. సామాను రెండు సెట్ల మధ్యల ఇరుక్కున్నది, ఇంట్ల చిన్నదానికి జ్వరం, నెట్టు సక్కగ వస్తలేదు. ఇవన్నీ నిజమే గని అసలు కారణం ఇవేం గావు. రాద్దామని కూసుంటే చెయ్యి ఆడలేదు. లైబ్రరీ సారు పోయిండన్నా.

"నిజంగానే పోయాడా, ఎవడన్నా ఊరికే చెప్తున్నాడా" అని అడిగినవ్ కదా. నాకు సుత ముందుగాల నమ్మబుద్ధి కాలె. గోడౌన్ ముందర ట్రాలీ ఆటోల, కోర్టు సెట్టుకు పోయే జడ్జి కుర్చీ ఎక్కిస్తున్న. ఫోన్ మోగింది. అమ్మ, అంటే సారు భార్య. "బాబూ, మీ సారు లేరు" అన్నది. నేను తిక్కోని లెక్క "ఎటు పోయిండమ్మా, యూనివర్సిటీకా?" అని అడిగిన. ఆమె "ఇంక ఎటూ వెళ్లరు బాబూ" అన్నది. పొద్దున టిఫిన్ చేసి, పేపర్ ఒళ్లో పెట్టుకుని, కుర్చీలనే కన్ను మూసిండంట. జడ్జి కుర్చీ సగం ఆటోల, సగం బయట అట్లనే ఉన్నది. నేను శ్రీనగర్ కాలనీకి, సారు ఇంటికి ఉరికిన.

ఈ మెయిలే మన పాత సెట్టోళ్ల గ్రూపుకు కూడ పంపుత. అందుకే నీకు తెలిసినయి కూడ మొదట్నుంచి రాస్తున్న, విసుక్కోకు. తెల్వనోళ్లకు చెప్తున్న: నాది ఫిల్మ్ నగర్‌ల, షేక్‌పేట దిక్కు దిగేకాడ, సినిమా సెట్లకు సామాను కిరాయికిచ్చే గోడౌన్. సోఫాలు, పాత ఫోన్లు, గడియారాలు, దవాఖాన మంచాలు, బీరువాలు, బీరువాల నిండ పుస్తకాలు. ప్రసాదన్న అప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ల అసిస్టెంటు, సెట్లకు సామాను ఏరుకోనికి నా దగ్గరికే వస్తుండె. ఇప్పుడు వైజాగ్‌ల పెండ్లి మండపాల డెకరేషన్ చేస్తుండు.

ఇగ సారు. ఒక యూనివర్సిటీ లైబ్రరీల పుస్తకాల అరలన్నీ చూసుకునే ఉద్యోగం చేసి రిటైరైనాయన. రిటైరయ్యేటప్పుడు ఆయన మీద ఒక మాట పడ్డది. కంప్యూటర్ల చూస్తే 'అందుబాటులో ఉంది' అనే పుస్తకాలు కొన్ని, అరలకు పోయి చూస్తే లేవు. సారే అమ్ముకున్నడని గుసగుస. ఎవ్వరూ మొఖం మీద దొంగ అనలే. దండేసిండ్రు, శాలువా కప్పిండ్రు. గని స్టాఫ్ రూంలకు ఆయన రాంగనే మాటలు ఆగిపోతుండె. "తిట్టినా బాగుండేదయ్యా, జవాబు చెప్పేవాణ్ణి. ఆగిపోయిన మాటకి ఏం జవాబు చెప్తాం?" అని నాతోని ఒకపారి అన్నడు. ఆ పుస్తకాలు ఎటు పోయినయో తేల్చాలె, ఆ మాట కడుక్కోవాలె. గందుకే ఆయన నా గోడౌన్‌కు వచ్చిండు.

మొదలు వచ్చిన రోజు నువ్వు ఆడనే ఉన్నవ్ అన్నా, థర్మకోల్ కోస్తున్నవ్. తెల్ల పొట్టి చేతుల చొక్కా, భుజానికి గుడ్డ సంచి, కళ్లద్దాలకు తాడు. లోపలికి రాంగనే సోఫాలు చూడలే, షాండ్లియర్లు చూడలే.

"ఏమయ్యా, నిన్న టీవీలో ఒక సినిమా వేశారు. అందులో హీరో తండ్రి లాయరు. ఆయన వెనకాల పుస్తకాల బీరువా మీదేనా?"

"ఏ సినిమా సార్?"

"పేరు చూడలేదు."

"హీరో ఎవరు సార్?"

"అదీ చూడలేదు. బీరువా చూశాను."

నువ్వు నా చెవుల మెల్లగ "ఇన్‌కమ్ ట్యాక్సు. నోరు మూసుకో" అన్నవ్. జరసేపటికి "కాదు, సీఐడీ" అన్నవ్. నాకైతే పక్క గోడౌనోడు నా సామాను చూసి రమ్మని పంపిండని అనుమానం. ముగ్గురం ఒకల్నొకలం అనుమానంగ చూసుకుంట నిలబడ్డం. ఛాయ్ తెప్పించిన. సారు గ్లాసు ఎత్తి, ముక్కు దగ్గర పెట్టి, అటు ఇటు చూసి, "ఈ పాలు ఎప్పటివి?" అన్నడు. నేనప్పుడే అనుకున్న, ఈయన ఎవరైనా గానీ మామూలోడు గాదు.

తెల్లారి మళ్ల వచ్చిండు. దాని తెల్లారి మళ్ల. ఒకరోజు పొద్దుగాల, ఒకరోజు మధ్యాహ్నం, నేను తయారుగ లేని టైం చూసి వస్తుండె. వచ్చి పుస్తకాల దగ్గర నిలబడేది. తీసుడు, తెరుసుడు, మూసుడు. నేను సోఫాకు గుడ్డ కొడుతున్నట్టు నటించుకుంట చూస్తుంటి. ఒక సంగతి పట్టిన: ఏ పుస్తకం తీసినా ఒక్కటే పేజీ తెరుస్తడు. లావు పుస్తకమైనా, సన్న పుస్తకమైనా, లా పుస్తకమైనా, పశువుల రోగాల పుస్తకమైనా. ఆ పేజీ చూసి కొన్ని మళ్ల అరలనే పెడతడు, కొన్ని పక్కకు పెడతడు. ఆ పేజీల ఏముంది? ఎవడన్న నోట్లు గిట్ల దాచిండా? సారు పోయినంక నేను కూడ తెరిచి చూసిన. ఏం లేదు. ఒక మూలకు వెలిసిపోయిన ముద్ర, దాని కింద నంబరు. గంతే.

ఇంకో ముచ్చట చెప్పాలె. మన పుస్తకాల సంగతి గ్రూపుల అందరికీ తెల్వదు. ఎర్రగడ్డల పాత సామాను అమ్మే ఒక భాయ్ దగ్గర కిలోల లెక్కన తెస్తుంటి. కెమెరాకు లోపల ఏముందో అక్కర లేదు, వీపు కనవడితే సాలు. లాయర్ ఇల్లంటే అన్నీ ఒక్క రంగుల ఉండాలంటరు, అందుకే వీపులకు మెరూన్ రంగు కొడుతుంటిమి. కింద తెల్ల చీటీలు, నంబర్లు రాసినయి, అవి గీకేద్దామంటే ప్రసాదన్న ఒప్పుకోలే. "ఉండనీ, ఒరిజినల్‌గా ఉంది" అన్నడు. ఆ తెల్ల చీటీలే టీవీల సారు కంట పడ్డయి. రంగు మారినా, చీటీ అంటించిన ఎత్తు ఆయనదే. ఎన్నో ఏండ్లు సొంత చేతులతోని అంటించినోడు గుర్తు పట్టడా?

ఒకరోజు ఆగలేక అడిగిన. "సార్, మీరు ఆ పేజీనే ఎందుకు తెరుస్తరు?"

ఆయన తలుపు దిక్కు చూసిండు. నువ్వు ఉన్నవా అని చూసిండనుకుంట, నువ్వు లేవు. గొంతు తగ్గించిండు. "మొదటి పేజీలో ముద్ర వేస్తే చింపేస్తారయ్యా. అందుకని లోపల ఒక పేజీలో కూడా వేస్తాం. అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ. లైబ్రరీ వాళ్లకి తప్ప తెలీదు. సీక్రెట్ పేజీ అంటారు."

"అయితే ఇవి..."

"మావి. ఎక్కడ కొన్నావు?"

ఇగో గీడ ఇరుక్కున్న. ఎర్రగడ్డ భాయ్ పేరు చెప్తే పోలీసులు ఆడికి పోతరు, భాయ్ నాకు సామాను బంద్ చేస్తడు, నా దుకాణం ఆగమైతది. చెప్పకుంటే నేనే దొంగను. "పాతయి సార్, మా పాత మేనేజరు ఎక్కన్నో తెచ్చిండు" అన్న. నాకు మేనేజరు ఎప్పుడు లేడని నా మొఖం చూస్తనే తెలుస్తది. సారు తెల్లారి వచ్చి ఇంకో తీరుగ అడిగిండు: "మీ మేనేజరుగారి ఊరు ఎక్కడ?" దాని తెల్లారి: "ఆయన ఆటోలో తెచ్చారా, లారీలోనా?" పోలీసోడన్న ఒక్కపారే అడుగుతడు.

గట్ల అనుమానంగ వస్తనే, అనుమానంగనే దోస్తానా అయిపోయింది. మన పక్కన నెట్ సెంటర్ ఉండె కదా, సాఫ్ట్‌వేర్ కొలువుల కోసం అమీర్‌పేటల కోర్సులు చేసే పిల్లలంత రెజ్యూమెలు కొట్టుకుంట కూసుంటరు. సారు మూలకున్న సిస్టం దగ్గర కూసొని, జేబు రుమాలుతోని కీబోర్డు తుడిచి, యూనివర్సిటీ లైబ్రరీ క్యాటలాగు తెరిచిండు. నేను పక్కన స్టూల్ ఏసుకున్న, చేతుల మెరూన్ పుస్తకం.

"పేరు మొత్తం కొట్టకు. పేరు మొత్తం సరిగ్గా ఎవడికి గుర్తుంటుంది? రెండు గట్టి మాటలు కొట్టు చాలు. అది దొరక్కపోతే రాసినవాడి ఇంటిపేరు. అదీ దొరక్కపోతే విషయం. విషయం కొడితే నీకు తెలీని పుస్తకాలు కూడా వస్తాయి."

కొట్టిన. పుస్తకం వచ్చింది. పక్కన నంబరు, ఏ అంతస్తు, ఏ వరస, అన్నీ ఉన్నయ్. కింద పచ్చ అక్షరాలు: అందుబాటులో ఉంది.

"సార్, గిది నా చేతుల ఉన్నది!"

"అదేనయ్యా నా గోడు. ఉందంటే ఉన్నట్టు కాదు. చేతిలో పడితే ఉన్నట్టు."

పక్కన కూసున్న పిల్లగాడు ఇద్దరిని చూసి హెడ్‌ఫోన్ సవరించుకుండు. మేం ఒక్కొక్క పుస్తకం పట్టుకపోయి చూస్తున్నం. అన్నీ గంతే. నా గోడౌన్‌ల ఉన్న పుస్తకాలన్నీ యూనివర్సిటీల మూడో అంతస్తుల హాయిగ నిలబడి ఉన్నయంట.

ఆ క్యాటలాగు నాకు అలవాటైపోయింది. ఎందుకంటే అందులో నా పని ఉన్నది. నీకు యాది ఉంటది, పాతకాలపు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ సెట్టు గావాలని ఒక డైరెక్టరు మన పానం తీసిండు కదా. వైర్లు ఎట్లుంటయ్, ఆడపిల్లలు ఎట్ల కూసుంటరు, ఎవ్వనికి తెల్వదు. సారుకు చెప్పిన. విషయం కొట్టిండు, పక్కన 'ఈ-బుక్స్' అని ఉన్నదాని మీద నొక్కిండు, మస్తు ఫొటోలున్న పుస్తకం ఒకటి వచ్చింది. తెరుద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది.

"ఇక్కడ తెరుచుకోదు. క్యాంపస్ లోపల వాళ్ల సిస్టం మీదైతే తెరుచుకుంటుంది. బయటివాళ్లని కూడా గేటు దగ్గర పేరు రాసి పంపిస్తారు, చదువుకోవడానికి. పద."

"మీరొస్తరా సార్?"

రిటైరైనంక ఆయన గాడికి పోలేదు. "వస్తాను. నువ్వు ముందు నడు" అన్నడు.

పోయినం. ఏసీ హాలు, వరసల కంప్యూటర్లు, చప్పుడు లేదు. ఈ-బుక్కు తెరుసుకుంది, ఎక్స్‌ఛేంజ్ బొమ్మలు పేజీలకు పేజీలు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "సార్, గింత మంచిగ ఉంటే ఇంక అరలెందుకు, దుమ్మెందుకు?" అన్న.

సారు స్క్రీన్ దిక్కు మన ఛాయ్ గ్లాసును చూసినట్టే చూసిండు. "ఇది మన పుస్తకం కాదయ్యా. అద్దెది. నీ సోఫా లాంటిది. గడువు అయిపోయిందనుకో, వాళ్లు పట్టుకుపోతారు. పోతే పోయిందని కూడా తెలీదు. అరలో పుస్తకం పోతే కనీసం ఖాళీ కనపడుతుంది."

కిరాయి సామానోనికి ఇంతకంటే మంచిగ ఎవరు చెప్తరు? గప్పుడు నాకు ఈ-బుక్కు మీద కూడ అనుమానం మొదలైంది. బయటికి వస్తుంటే తలుపు కాడ ఆగి, హాలు అంతా ఒకపారి చూసి, "ఇది ఇంతకు ముందు మా బైండింగ్ గది" అన్నడు. అట్టలూడిన పుస్తకాలను కొత్తగ కుట్టిపిచ్చే జాగ. నేనేం పట్టించుకోలే. కారిడార్ల ఇద్దరు పాత స్టాఫ్ ఎదురొచ్చిండ్రు. మాట్లాడుకుంట వస్తున్నోళ్లు సారును చూసి మాట ఆపిండ్రు. నమస్కారం పెట్టిండ్రు. మేం దాటినంక మళ్ల మాట మొదలైంది. ఆయన చెప్పినా అర్థం కానిది గప్పుడు సమజైంది.

అయినా ఎర్రగడ్డ పేరు చెప్పలేకపోయిన. భయం గదా.

చెప్పిపిచ్చింది నీ పచ్చ బీరువానే. ఆయుర్వేదం దుకాణం సెట్టు కోసం నువ్వు పచ్చ రంగు కొట్టినవ్ చూడు, చిన్న చిన్న సొరుగులున్నది, మనిషంత ఎత్తు. సొరుగుల మీద శొంఠి, పిప్పళ్లు, అశ్వగంధ అని రాసినవ్. అది షూటింగ్‌ల నుంచి తిరిగొచ్చిన రోజు సారు గోడౌన్‌లనే ఉన్నడు. నలుగురు మోసుకొచ్చి ఆయన ముందర పెట్టిండ్రు. సారు శొంఠి సొరుగు గుంజిండు. లోపలికి వేలు పెట్టి అడుగున ఏదో తడిమిండు. ఒక బొక్క, ఇనుప కడ్డీ దూరే బొక్క. పిప్పళ్ల సొరుగు. మళ్ల బొక్క. ఇగ వరసగ అన్ని సొరుగులు గుంజి చూసిండు.

"ఇది మందుల బీరువా కాదయ్యా. కార్డుల బీరువా. కంప్యూటర్లు రాకముందు మా క్యాటలాగు ఇదే. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు, కార్డులు జారకుండా ఈ బొక్కలో కడ్డీ. ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా ముందు దీని దగ్గరికే వచ్చేవాళ్లు. బైండింగ్ గదిలో గోడవారన పెట్టించాను. గది మార్చినప్పుడు అన్నీ స్టోర్‌లో పెట్టామన్నారు." మళ్ల అదే ప్రశ్న, "ఎక్కడ కొన్నావు?" అన్నడు.

ఈపారి పోలీసోని లెక్క అడగలే. మేనేజరు లేడు, ఏం లేడు, అంతా చెప్పేసిన. పుస్తకాలు, ఈ బీరువా, ఒక్క లోడ్ల వచ్చినయని కూడ చెప్పిన. "ఈ ముక్క మొన్నే చెప్తే నీ సొమ్మేం పోయేదయ్యా?" అన్నడు. "మా భాయ్ పోతడని భయం సార్" అన్న. "సరే పద. మీ భాయ్‌ని నేను తినను."

భాయ్ సంగతి నీకు ఎరికే కదా, కొత్త మనిషి కనవడితే ముందుగాల షట్టర్ దిక్కు చూస్తడు. "అరే సేటూ, పోలీసును తెచ్చినవా?" అన్నడు. సారు "నేను పోలీసు కాదండీ, లైబ్రరీ" అన్నడు. "లైబ్రరీయా? మాకెందుకు సాబ్ గదంతా" అని ఇంకా భయపడ్డడు. ఛాయ్ వచ్చింది. సారు వాసన చూసిండు. భాయ్‌కి కోపమొచ్చింది. "జహర్ కలిపిననా సాబ్?" నేను మధ్యల పడి, ఈయన మా ఇంట్ల ఛాయ్ కూడ గట్లనే చూస్తడు అని సముదాయించిన.

గప్పుడు నోరిప్పిండు. "యూనివర్సిటీల కంప్యూటర్ల కమ్రా కడుతుండె సాబ్. గోడలు కొట్టిండ్రు, సీలింగ్ పెట్టిండ్రు. పని చేసిన కాంట్రాక్టరు లారీ నింపి పంపిండు. పాత తలుపులు, కిటికీలు, గా సొరుగుల డబ్బా, అట్టలూడిన కితాబులు, అంతా ఒక్కటే లోడ్. కచరా అన్నడు, నేను తీస్కున్న. చోరీ మాల్ నేను ముట్ట."

సారు ఆడనే పాత టైర్ల మీద కూసున్నడు. బైండింగ్‌కు పోవాల్సిన పుస్తకాలు. అట్టలు లేవు గనుక చెత్త అనుకుండ్రు. ఎవ్వరు దొంగతనం చెయ్యలే, ఎవ్వరు అమ్ముకోలే. ఈ-బుక్కులకు జాగ చేద్దామని కాయితం బుక్కులను ఊడ్సిపారేసిండ్రు, కంప్యూటర్‌కు మాత్రం ఎవ్వరు చెప్పలే. అది పాపం 'అందుబాటులో ఉంది, అందుబాటులో ఉంది' అని అందరికీ చెప్పుకుంటనే ఉన్నది.

నేను సంబురపడ్డ. సారు పడలే. "నమ్మరయ్యా. నువ్వూ, నేనూ, ఈయనా కుమ్మక్కయ్యామంటారు."

"సార్, పుస్తకమైతే సంచిల పెట్టుకపోవచ్చు. మరి నలుగురు మోసే బీరువాను ఎట్ల పట్టుకపోయిండ్రని అంటరు? చొక్కా లోపల పెట్టుకునా?"

సారు నా మొఖం చూసి నవ్విండన్నా. ఆయన నవ్వుడు నేను చూసుడు గదే మొదలు. భాయ్ కూడ నవ్విండు. సారు ఛాయ్ మొత్తం తాగిండు.

తెల్లారి ట్రాలీ ఆటోల పచ్చ బీరువా నిలబెట్టి, పుస్తకాలు బస్తాలల్ల కట్టి, యూనివర్సిటీకి పోయినం. సారు డ్రైవర్ పక్కన, నేను ఎనక బీరువాను పట్టుకుని. గేటు కాడ సెక్యూరిటీ ఆపిండు. "షూటింగ్ పర్మిషన్ లెటర్ ఏది?" అన్నడు. షూటింగ్ కాదురా నాయనా అంటే నమ్మడు. "హీరో ఎవరు?" అంటడు. సారు తల బయట పెట్టి "నేనే" అన్నడు.

లైబ్రరీ మెట్ల కాడికి ఇన్‌ఛార్జి మేడం వచ్చింది. ఇంతకుముందు సారు కింద పని చేసినామే. చూపుల మొత్తం అనుమానమే. "సార్, ఏంటివి? మందులా?" అన్నది. సారు ఒక మెరూన్ పుస్తకం తీసి ఆమె చేతుల పెట్టి, "సీక్రెట్ పేజీ చూడమ్మా" అన్నడు. ఆమె తెరిచింది. రెండోది తెరిచింది. మూడోది తెరిచినంక ఇంకో బస్తా మూతి తనే విప్పింది. నేను పచ్చ బీరువా సొరుగు గుంజి ఎర్రగడ్డ కథ, లారీ కథ, కాంట్రాక్టరు కథ, అన్నీ చెప్పిన. లోపట్నుంచి స్టాఫ్ ఒక్కొక్కరే బయటికొచ్చిండ్రు. ఒకాయన బీరువా చుట్టూ తిరిగి, గోరుతోని పచ్చ రంగు గీకి, "మన బీరువానే. దీని కాలికి నేనే మేకు కొట్టాను" అన్నడు.

మేడం ఒక పుస్తకం లోపలికి పట్టుకపోయి కంప్యూటర్ల చూసి బయటికొచ్చింది. అందుబాటులో ఉంది అనే ఉన్నదంట.

"ఇన్నాళ్లకి నిజం చెప్పింది" అన్నడు సారు.

మేడం "సార్, లోపలికి రండి. టీ తాగుదాం" అన్నది. సారు స్టాఫ్ రూం దిక్కు నడిచిండు. నేను బయట బస్తాల కాడ నిలబడి చెవి ఆడనే పెట్టిన. తలుపు తీసిన చప్పుడు. లోపల ఎవరో ఏదో చెప్తుండ్రు. సారు లోపలికి పోయిండు. మాటలు ఆగలే అన్నా. ఇంకా ఎక్కువైనయ్. ఎవరో "పాలు ఇవాళ్టివే సార్" అన్నరు, అందరు నవ్విండ్రు.

ఈడికి అయిపోతే మంచిగుండు. గని నువ్వు వైజాగ్ పోయినంక ఒక సంగతైంది, అది నీకు తెల్వదు. దొరికిన పుస్తకాలన్నీ అరలల్ల పెట్టినంక ఒక్కటి తక్కువైంది. మన దక్కన్‌ల దిగుడుబావుల మీద పాత పుస్తకం, నిండ బొమ్మలే. వీపు కింది మూల ఎలుక కొరికి ఉంటదంట. గోడౌన్ అంతా తిప్పి చూసిన, లేదు. భాయ్ దగ్గర లేదు.

"పోనీ సార్, ఒక్కటే కదా" అన్న.

"ఒక్కటి చాలయ్యా, మాట మళ్లీ మొదలవడానికి."

గప్పుడు సారు నన్ను ఒకటి అడిగిండు. సెట్లల్ల పెట్టే థర్మకోల్ పుస్తకం ఒకటి చేసియ్యమన్నడు. కొలత చెప్పిండు. కోసి, మెరూన్ రంగు కొట్టిచ్చిన. తెల్ల చీటీ మాత్రం నన్ను అంటియ్యనియ్యలే, తనే అంటించిండు. మేడం నవ్వుకుంటనే ఒప్పుకున్నది. దిగుడుబావుల పుస్తకం ఉండాల్సిన జాగల దాన్ని పెట్టి వచ్చినం. "పక్క పుస్తకాలు ఒరిగిపోకూడదు. ఆ జాగా వేరేవాళ్లు ఆక్రమించకూడదు" అన్నడు, ఇంటి ముందర జాగ కబ్జా అయితదని భయపడే మనిషి లెక్క.

తర్వాత కూడ సారు వస్తనే ఉండె. ఆయన నేర్పింది నా పనికి ఇప్పటికీ ఒస్తది. ఏ సెట్టుకు ఏం గావాలన్నా ముందుగాల క్యాటలాగు చూస్త, ఒక పుస్తకం దొరికితే దాని నంబరు పట్టుకుని అరల కాడికి పోయి చుట్టుపక్కలయి కూడ చూస్త. "ఒకటి దొరికిందని వెనక్కి రాకు. పక్కింటివాళ్లని కూడా పలకరించు" అనేటోడు. ఇంట్ల టీవీ ముందర కూసుంటే ఆయన చూపు ఎప్పుడు బీరువాల మీదనే. "పాటొచ్చినా ఫైటొచ్చినా ఈయనకి బీరువాలే బాబూ, హీరోయిన్ ఏడుస్తుంటే జరుగమ్మా అంటారు" అని అమ్మ చెప్పి నవ్వేది. ఆయన గా బావుల పుస్తకం కోసమే చూస్తుండని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

పెద్దకర్మ అయినంక మొన్న ఒక మధ్యాహ్నం అమ్మను చూసొద్దామని పోయిన. టీవీ నడుస్తుంది. సారు కుర్చీ ఖాళీ, అమ్మ పక్క కుర్చీల. ఏదో పాత సినిమా, విలన్ జమీందారు బంగళాల అటు ఇటు తిరుగుతుండు. అమ్మ నాతోని మాట్లాడుకుంటనే టక్కున ఆగి, "బాబూ, మూడో వరస!" అన్నది.

చూసిన. విలన్ భుజం ఎనక, మూడో వరసల, వీపు కింది మూల కొరికిన పుస్తకం, కింద తెల్ల చీటీ. గంతల షాట్ మారిపోయింది. మళ్ల ఆ గది వస్తదని ఇద్దరం కదలకుంట కూసున్నం. వచ్చింది, ఎట్లొచ్చిందంటే, క్లైమాక్స్‌ల ఆ బంగళాకు నిప్పు పెట్టిండ్రు. అమ్మ "అయ్యో" అని నా చెయ్యి పట్టుకుంది. నేను "ఫికర్ చెయ్యకమ్మా, తగలబెట్టేటప్పుడు అసలు సామాను తీసేసి థర్మకోల్ పెడతరు" అని చెప్పిన. అయినా పొగ పోయేదాంక ఆమె నా చెయ్యి ఇడ్సలే. అసలుది తీసి పక్కకు పెట్టిండ్రు అంటే, ఎవరో ఒకరు తీసిండ్రన్నట్టే కదా.

పేర్లు పడ్డయ్. ఆర్ట్ అసిస్టెంటు దగ్గర నీ పేరు ఉన్నది ప్రసాదన్నా.

ఆ సినిమాకు బీరువాలు, పుస్తకాలు నా గోడౌన్ నుంచే పోయినయ్. దాని తర్వాత నువ్వు ఇంకో సినిమాకు పల్లె సెట్టు వేసినవ్. అందుల దిగుడుబావి ఎంత బాగున్నదని పేపర్ల కూడ రాసిండ్రు. మెట్టు మెట్టుకు గూడు, గూడుకు చిన్న కమాను. 'ఏడ చూసినవ్ అన్నా గిసుంటి బావి' అని నేను అడిగితే నువ్వు నవ్వి ఊకున్నవ్. నాకు అన్నీ యాది ఉన్నయ్.

నేను నిన్ను దొంగ అంటలేను. బొమ్మలు చూసుకోనికి పక్కకు పెట్టుకుని ఉంటవ్, ఇల్లు మారేటప్పుడు డబ్బాల పడి ఉంటది, అది ఏందో, ఎవరిదో నీకు తెల్వనే తెల్వదు. సారు మన ముందర ఉన్నన్ని రోజులు ఈ బావుల పుస్తకం మాట రానే లేదు. గని లోపల అనుమానం పెట్టుకుని, నీ ఫోన్ వస్తే మాట ఆపి కూసుండుడు నాతోని కాదు. అట్ల ఆగిపోయిన మాట ఒక మనిషిని ఏం చేస్తదో చూసిన. అందుకే మొఖం మీదనే అడుగుతున్న; గ్రూపుకు పంపేటప్పుడు ఈ బావుల పుస్తకం ముచ్చట తీసేస్త. నీ దగ్గర లేకుంటే లేదని చెప్పు, నమ్ముత. వేరేకాడ ఎతుకుత.

పొద్దున నెట్ సెంటర్‌కు పోయి రెండు మాటలు కొట్టి చూసిన. పచ్చ అక్షరాలు అట్లనే ఉన్నయ్, అందుబాటులో ఉంది, మూడో అంతస్తు. యూనివర్సిటీకి కూడ పోయొచ్చిన. నా థర్మకోల్ ఆ జాగలనే నిలబడి ఉన్నది. రంగు వెలిసింది, అంచులు తెల్లగ పెచ్చులు లేసినయ్, సారు అంటించిన చీటీ మాత్రం ఊడలే. రెండు దిక్కుల పుస్తకాలు దాని మీదికి ఒరగకుంట ఆనుకుని ఉన్నయ్.

దాన్ని తీసి అసలుది పెట్టే రోజు అమ్మను కూడ తోలుకపోత. మీ ఇంట్ల డబ్బాలన్నీ ఒకపారి ఎతుకు. దొరికితే పోస్టుల పంపకు, నువ్వే పట్టుకుని రా. ఛాయ్ మన దగ్గరనే, పాలు ఇవాళ్టివే. నువ్వు తేంగనే ముందుగాల ఆ పేజీ తెరిచి చూస్త, అది ఏ పేజీనో నీకు మాత్రం చెప్ప.

ఎప్పుడొస్తున్నవ్ అన్నా?